మూడు బొటనవేళ్ళ గాలి

ఆ రోజుల్లో కంప్యూటరున్న ఆఫీసులో ఉద్యోగం అంటే చాలు, మా పెరంబూరులో మనిషి కాస్త పొడుగైనట్టు కనిపించేవాడు. ఊరి పేరు మద్రాసా, చెన్నైయా అని బస్సు బోర్డులకే ఇంకా తేలని కాలం. నేను డిగ్రీ ముగించి, జార్జి టౌన్‌లో ఓడలకెక్కే సరుకుల కాగితాలు చూసే ఒక చిన్న ఆఫీసులో చేరాను. చేతిబండ్ల మధ్య నుంచి ఒంటిని పక్కకు తిప్పుకుని వెళ్తే చెక్క మెట్లు, ఆ మెట్లెక్కితే రెండు గదులు. ఒక గదిలో మేనేజరు. రెండో గదిలో నేనూ, టైపు మామా, కంప్యూటరూ. టైపు మామ (ఆయన అసలు పేరు జీతం రోజున తప్ప ఎవరూ పలికేవారు కాదు) నేను పుట్టక ముందు నుంచీ అక్కడ టైపు మిషను కొడుతున్న మనిషి. కంప్యూటరు వచ్చిన రోజున దానికి విభూతి పెట్టి, కర్పూరం వెలిగించి, పైన ఒక నిమ్మకాయ కూడా ఉంచి, ఆ తర్వాత మళ్ళీ దాన్ని ముట్టుకోలేదు. కాబట్టి అది నాకు దక్కింది. దక్కినదానితో నేనేం చేశానో చెప్పడానికే ఈ సోదంతా.

మేనేజరు మధ్యాహ్నం ఇంటికి వెళ్ళి, భోంచేసి, ఒక కునుకు తీస్తే గాని తిరిగొచ్చేవాడు కాదు. ఆ ఖాళీలో నేను యుద్ధానికి వెళ్ళేవాణ్ణి. కాలేజీ స్నేహితుడొకడు ఫ్లాపీల్లో ఎక్కించి ఇచ్చిన విమానం ఆట అది. పాతకాలపు బాంబరు విమానం. నడిపేదీ మనమే, బాంబులు వేసేదీ మనమే. కింద ఒక ఏరు, ఏటి మీద ఒక వంతెన. ఆ వంతెన కూలిస్తే తర్వాతి ఆటకు పంపిస్తారు. తెర నడిమధ్యన కూడిక గుర్తులాగా రెండు గీతలుంటాయి. వంతెన సరిగ్గా ఆ గుర్తు కిందకు వచ్చినప్పుడు మీట నొక్కాలి. ఇంతే కదా అనుకున్నాను. మొదటి రెండు ఆటలూ అట్లాగే జరిగాయి కూడా. మూడో ఆటలో ఆ మహానుభావులు పక్కగాలి పెట్టారు.

పక్కగాలి అంటే ఏమిటో నా బాంబులు నాకు నేర్పాయి. గుర్తు కింద వంతెన కుదురుగా ఉంది, మీట నొక్కాను, బాంబులు కిందకు దిగుతూ దిగుతూ మెల్లగా కుడిపక్కకు జరిగి ఏట్లో పడ్డాయి. తెల్లగా నీళ్ళు లేచాయి. మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ ఏట్లోనే. నెలంతా నా యుద్ధం వంతెన మీద కాదు, ఏటి మీదే సాగింది. టైపు మామ తన మిషను మీద కొట్టడం ఆపి, కళ్ళజోడు నుదుటి మీదకు తోసుకుని, రోజూ ఒకటే మాట అడిగేవాడు.

"ఏం తంబీ, ఈరోజైనా బ్రిడ్జి పడిందా?"

"లేదు మామా."

"ఆ ఏట్లో చేపలు నీకేం చేసినాయప్పా."

చివరికి తెర మీద ఒక మూల చిమ్నీ గొట్టం ఒకటి కనిపించింది. అందులోంచి పొగ ఎప్పుడూ కుడివైపుకే వంగుతోంది. అప్పుడు వెలిగింది. బాంబు పైనుంచి నేలకు చేరేలోగా గాలి దాన్ని పక్కకు తోసేస్తుంది. కాబట్టి గురి వంతెన మీద పెట్టకూడదు, గాలి ఏ పక్కనుంచి వస్తోందో ఆ పక్కకు జరిపి పెట్టాలి. గాలే దాన్ని తెచ్చి వంతెన మీద వేస్తుంది. విమానం ముక్కు కూడా కాస్త గాలి మీదకే తిప్పి ఉంచాలి. బీచి రోడ్డులో సైకిలు మీద పోయేటప్పుడు సముద్రపు గాలికి హ్యాండిలు కొంచెం అటు వంచి పట్టుకోమూ, అట్లాగ. సరే, ఎంత జరపాలి? ఆ లెక్క ఆటలో ఎక్కడా చెప్పలేదు. నేనే కనిపెట్టాను. బొటనవేలు తెచ్చి తెర మీద వంతెన పక్కన ఆనించి, వేలి అవతలి అంచున గుర్తు పెట్టి చూశాను. మెల్లగా వీచే గాలికి ఒక వేలు సరిపోయింది. పొగ బాగా వంగితే రెండు. పొగ అడ్డంగా పడుకుంటే మూడు. మూడు వేళ్ళు పెట్టి మీట నొక్కిన రోజున వంతెన నిట్టనిలువునా కూలింది. టైపు మామ లేచి వచ్చి, తెర వంక చూసి, నాకు తన డబ్బాలోంచి ఒక జంతిక ఇచ్చాడు. నా జీవితంలో అంతకు ముందు ఏ పరీక్ష పాసైనా అంత సంతోషం కలగలేదు, నిజం చెప్తున్నా.

(ఆ సాయంత్రం మేనేజరు వచ్చి తెర మీద మరకలు చూసి, "పట్టా పుచ్చుకున్నోడివి, వేలిముద్రలు వేస్తా ఉండావేందప్పా ఈడ," అన్నాడు. మామ గట్టిగా దగ్గి తన మిషనులోకి తల దూర్చేశాడు.)

అక్కడితో ఆగితే బాగుండేది. నాకు లోకమంతా గాలి కనిపించడం మొదలైంది. లోకల్ రైలు తలుపు దగ్గర నిలబడి వేరుశనక్కాయ పొట్టు విసరాలన్నా ఒక కన్ను మూసి, బొటనవేలు చాచి, ఒకటిన్నర వేలు అని లెక్క కట్టి విసిరేవాణ్ణి. మా అమ్మ మేడ మీద బట్టలు ఆరేస్తుంటే పక్కన నిలబడి, "ఇది రెండు వేళ్ళ గాలి," అని చెప్పేవాణ్ణి. అమ్మ ఆ బకెట్టు అందుకోరా ముందు అనేది.

ఇక మా ఇంటి సంగతి చెప్పాలి. పెరంబూరులో రైలు పట్టాలకు రెండు వీధుల ఇవతల, రెండో అంతస్తులో అద్దెకు ఉండేవాళ్ళం. అమ్మ, నాయన, అక్క, నేను. నాయన రైల్వే వర్క్‌షాపులో పని. కింద ఇంటివాళ్ళు, నడుమ అంతస్తులో ఒక రైలు గార్డు, పైన మేము. ముందు చిన్న వాకిలి, ఆ వాకిట్లోంచి మెట్లకు పోయే చోట ఒక ఇనుప కటకటాల గేటు. వీధిలో ఒకసారి దొంగలు పడినప్పటి నుంచి ఆ గేటుకు పగలూ రాత్రీ తాళమే. ఒక్కో కాపురానికి ఒక్కో తాళంచెవి. తాళంచెవిని మా ఊళ్ళో తెలుగువాళ్ళం కూడా అరవంలోలాగా సావి అనే అంటాం. మా ఒక్క సావీ ఇంట్లోనే ఉండేది. బయటినుంచి ఎవరొచ్చినా వాకిట్లో నిలబడి "సావీ" అని కేకేస్తే, అమ్మ దాన్ని ఒక పాత చేతిరుమాలులో ముడేసి బాల్కనీలోంచి కిందకు వదిలేది. ఆ వీధిలో మేడల మీద ఉన్న ఇళ్ళన్నిటిదీ అదే పద్ధతి. రెండు అంతస్తులు దిగి గేటు తీసేవాణ్ణి ఎవరైనా చూస్తే ఒంట్లో బాగుందా అని అడిగేవాళ్ళు. అమ్మ వదిలితే నాయన తువ్వాలు చాపి పట్టుకునేవాడు. ఒక్కసారి కూడా తప్పింది లేదు.

ఇప్పుడు అక్క. అక్క రోజూ పెరంబూరు స్టేషనులో లోకలెక్కి సెంట్రల్‌లో దిగి, అక్కడ ఒక బళ్ళో లెక్కలు చెప్పేది. ఆడవాళ్ళ పెట్టె ఆగే చోట నిలబడితే పక్క పెట్టె తలుపు దగ్గర ఒక మనిషి రోజూ కనిపించేవాడట. నాలుగు మడతలు పెట్టిన పేపరు చంకలో పెట్టుకుని, ముసలాళ్ళు ఎక్కితే చెయ్యిచ్చి లాగేవాడట. ఏడాది పాటు చూసుకున్నారు గాని ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఇట్లా ఉండగా మా పెద్దత్త ఒక సంబంధం తెచ్చింది, విల్లివాక్కంలో ఉంటారు, అబ్బాయి బ్యాంకులో గుమాస్తా అని. ఫోటో చూసి అక్క వంటింట్లోకి పోయి గరిటె కింద పడేసింది. ఆ సాయంత్రం నన్ను మేడ మీదకు పిలుచుకుపోయి చెప్పింది.

"ఒరే, ఆ రైలు మనిషేరా. ఇది కుదరాల. కుదరకపోతే నేను ఆ రైలెట్ల ఎక్కేదిరా రోజూ."

మా అక్క ఏదీ అడిగే మనిషి కాదు. అడిగింది అదొక్కటే, అదీ నాతో ఒక్కడితోనే. నేను పెద్దమనిషిలాగా తలూపి, అంతా నేను చూసుకుంటానన్నాను.

కుదరడానికి అడ్డం ఒక్కరే. అబ్బాయి అవ్వ. అంటే వాళ్ళ నాన్నకు అమ్మ. అబ్బాయి తల్లీ తండ్రీ నోరున్నవాళ్ళే గాని ఆ ఇంట్లో మాట ఆమెది. ఆమె కూతురి వైపు చుట్టాల్లో ఒక పిల్ల ఉందనీ, ఆ పిల్లనే చేసుకోవాలని ఆమెకు ఉందనీ, ఏదో ఒక వంక దొరికితే చాలు ఈ సంబంధం వద్దనేస్తుందనీ పెద్దత్త ముందే చెప్పింది. పైగా ఆమెకు రాహుకాలం పట్టింపు. ఇదివరకు ఒక ఇంటికి చూపులకు పోయి, గడప ముందు ఉండగా రాహుకాలం వచ్చేసిందని వీధిలోంచే అందర్నీ వెనక్కి మళ్ళించిన మనిషి. చూపులు ఆదివారం. ఆదివారం రాహుకాలం సాయంత్రం నాలుగున్నరకు మొదలు, ఆరింటిదాకా ఉంటుంది. పెరంబూరులో పాలు తాగే పిల్లలకు కూడా ఇది తెలుసు. నాలుగున్నర కల్లా వాళ్ళు మా ఇంట్లో అడుగు పెట్టాలి. పెడితే కుదిరినట్టే, పెట్టకపోతే పోయినట్టే.

ఆదివారం వచ్చింది. కింద ఇంటివాళ్ళు కంచిలో పెళ్ళికి పోయారు. గార్డుగారు డ్యూటీలో ఉన్నాడు, ఆయన భార్య పుట్టింట్లో ఉంది. అంటే ఆ పూట ఆ గేటుకు ఉన్న దిక్కు మా సావి ఒకటే. పొద్దున్నుంచి ఇల్లంతా నెయ్యి వాసన. అమ్మ నన్ను కిందకు పంపి, సంపులో నీళ్ళున్నాయో లేదో చూసి మోటారు వెయ్యమంది. (సంపు అంటే వాకిట్లో నేల కింద కట్టిన నీళ్ళ తొట్టి. మా ఇంటిది గేటుకు ఎడంపక్కన, మనిషి పట్టేంత చదరపు మూతతో ఉండేది.) నేను మూత తీసి చూశాను, నిండుగా ఉంది. మోటారు వేశాను. ఇంతలో అమ్మ పైనుంచి కొబ్బరికాయ కొట్టమని పిలిచింది. పైకొచ్చాను. గేటుకు తాళం వేసే వచ్చాను, అందులో లోపం లేదు. సంపుకు మూత మాత్రం వెయ్యలేదు.

నాయన అప్పటికే వాళ్ళను తీసుకురావడానికి స్టేషనుకు వెళ్ళి ఉన్నాడు. ఆదివారం రైళ్ళు తక్కువ, వచ్చిందేమో ఆలస్యంగా వచ్చింది. పైగా అవ్వ ఆటో ఎక్కనంది. ఆటో తిరగబడుతుందని ఆమెకు భయమట. కాబట్టి స్టేషను నుంచి నడక. బాల్కనీలో నిలబడి నేను వీధి మలుపు చూస్తున్నాను. గోడ గడియారం వంక అమ్మ చూస్తోంది. లోపల గదిలో అక్క పట్టుచీర కట్టుకుని ఎటూ చూడకుండా కూర్చుంది. చివరికి మలుపులో నాయన తెల్ల చొక్కా కనిపించింది. ఆ వెనక అవ్వ, ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో మనవడి చెయ్యి. వెనక అబ్బాయి అమ్మానాన్నా. వాళ్ళు వాకిట్లోకి వచ్చి గేటు ముందు నిలబడేసరికి రాహుకాలానికి ఐదు నిమిషాలు కూడా లేదు.

"సావీ," అన్నాడు నాయన, తలెత్తి. రోజూ అన్నట్టే అన్నాడు గాని గొంతు సన్నగా వచ్చింది.

"సీక్రం పోయి తెరువురా," అంది అమ్మ. "పెద్దమనుషులొచ్చినారు, ఈ పూటన్నా ఇసిరేది వద్దు."

"దిగేలోపల టైమైపోతాదమ్మా. వేసేస్తాను," అన్నాను.

"సరి, వేస్తే వేసినావు, చుమ్మా వదిలెయ్యి. నేనెప్పుడూ అట్లే గదా వేసేది."

(చుమ్మా అంటే ఊరికే అని. మాకు ఆ మాట లేకుండా పూట గడవదు.)

ఊరికే వదిలితే ఏ గొడవా లేదు. కాని నేను వదిలే ముందు తల పైకెత్తి చూశాను. మేడ మీద దండెం కనిపించింది. దాని మీద అమ్మ చీర అడ్డంగా లేచి, టపటపా కొట్టుకుంటోంది. నాలుగు దాటితే సముద్రపు గాలి వస్తుందని చెన్నైలో ఎవరికి తెలియదు? తూర్పు నుంచి, అంటే మాకు ఎడంపక్క నుంచి. అడ్డంగా పడుకున్న పొగా, అడ్డంగా పడుకున్న చీరా నాకు ఒక్కటిగానే కనిపించాయి. మూడు వేళ్ళ గాలి. కింద ఆ అబ్బాయి, మా నాయన చేతిలో తువ్వాలు లేదని గమనించి, తనే ముందుకొచ్చి రెండు చేతులూ దోసిలి పట్టాడు. నేను ఒక కన్ను మూసి, చెయ్యి చాచి, బొటనవేలు ఆ దోసిలికి పక్కన ఆనించాను. ఎడంవైపుకు ఒకటి, రెండు, మూడు. "ఏంరా అది," అంది అమ్మ. "గాలి లెక్క," అన్నాను. వదిలాను.

పాపం, ఆ రుమాలు నేను చెప్పినట్టే విన్నది. గీత గీసినట్టు తిన్నగా దిగింది. వాకిట్లో అసలు గాలే లేదు. మా ఇంటికి తూర్పున ఆ సంవత్సరమే కట్టిన మూడంతస్తుల మేడ ఒకటి అడ్డంగా నిలబడి ఉంది. గాలంతా దాని నెత్తిమీద నుంచి పోయి మా దండెం మీద పడుతోంది గాని, కింద కరివేపాకు చెట్టు ఆకు కూడా కదలడం లేదు. ఈ సంగతంతా రుమాలు సగం దూరం పోయాక నాకు తెలిసింది. అప్పుడే నాయన, ఎవరో సంపు మూత తీసి పెట్టారని చూసి, పెద్దావిడ కాలు పెడుతుందేమోనని మూత వెయ్యడానికి వంగాడు. రుమాలు ఆయన చెవి పక్కనుంచి పోయి సంపులో పడింది. గుడుంగ్ అని శబ్దం వచ్చింది. ఇక్కడ కూడా నీళ్ళు లేచాయి, నాయన చొక్కా మీదికి.

అబ్బాయి దోసిలి ఇంకా అట్లాగే పట్టుకుని ఉన్నాడు.

"ఏందా సద్దు?" అంది అవ్వ.

"సావి అమ్మా," అన్నాడు నాయన. ఇంకేం చెప్తాడు.

పరుగెత్తుకుని మెట్లన్నీ దిగి గేటు లోపలి పక్కన నిలబడ్డాను. ఎందుకో ఇప్పటికీ తెలియదు. చేతిలో సావి లేనివాడు గేటు దగ్గర ఉంటే ఎంత, హార్బరులో ఉంటే ఎంత. నాయన చొక్కా చెయ్యి మడిచి సంపులోకి భుజందాకా పెట్టాడు. మనిషి లోతు నీళ్ళలో భుజం ఏ మూలకు. కటకటాల్లోంచి నన్ను చూశాడు గాని తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది. అవ్వ మనవడి చేతి గడియారం పట్టుకుని తన కళ్ళ దగ్గరకు లాక్కుని చూసింది.

"సరి, పదండి పోదాం," అంది. "గడపలోకి రానియ్యకుండా సావి నీళ్ళల్లో పడింది. ఇంతకంటే ఏం కావాల. వెతకబోయినా ఇట్లాంటి శకునం దొరకదు."

"అవ్వా, పొరబాటున పడిపోయింది అది," అన్నాడు అబ్బాయి.

"పడేది ఎప్పుడూ పొరబాటునేరా. పద."

వాళ్ళు వెనక్కి తిరిగారు. ఆ క్షణంలో నాకు అక్క రోజూ ఎక్కే రైలు గుర్తొచ్చింది. అప్పుడు నా వెనక మెట్ల మీద గాజుల చప్పుడు, పట్టుచీర చప్పుడు వినిపించాయి. అక్క వస్తోంది. ఒక చేతిలో డవరా గిన్నె, అందులో కాఫీ గ్లాసు. రెండు అంతస్తులు దిగినా ఒక్క చుక్క తొణకలేదు. నన్ను మోచేత్తో పక్కకు తోసి కటకటాల దగ్గరకొచ్చి నిలబడింది. ఊపిరి ఆడటం లేదు గాని మాట తొట్రుపడలేదు.

"అవ్వా, నేను ఈడ ఉండాను. మీరు లోపలికి రాలేకపోతే పరవాలే, నేనే మీ ముందరికి వచ్చినాను. ఇంకా టైముంది. చూసేసి పోండి."

మా వైపు పిల్లలు చూపుల్లో నోరు విప్పేది పేరడిగినప్పుడే. అక్క అన్న ఆ మాటకు మేడ మీద మా అమ్మ బాల్కనీ కమ్మీ పట్టుకుని కళ్ళు మూసుకుందట. అవ్వ ఆగింది. కర్ర ఊతంగా మెల్లగా మళ్ళీ ఇటు తిరిగింది. కటకటాల దగ్గరకొచ్చి, రెండు కమ్మీల మధ్యలోంచి అక్కను కిందనుంచి పైదాకా చూసింది.

"వంటొస్తాదా అమ్మణ్ణీ?"

"సుమారుగా వస్తాదవ్వా. లెక్కలు బాగా వస్తాయి."

"ఆ కాఫీ ఎవురు పెట్టింది?"

"అమ్మ," అంది అక్క. అబద్ధమాడాల్సిన చోట కూడా ఆడదు. అదే నా భయం.

అక్క గ్లాసు అందివ్వబోయింది. డవరా కమ్మీల మధ్య పట్టలేదు. డవరా నా చేతిలో పెట్టి గ్లాసు ఒక్కటే బయటికి చాపింది. అబ్బాయి అందుకున్నాడు. ఆ కాఫీ పొయ్యి మీదనుంచి అప్పుడే దింపింది, స్టీలు గ్లాసు, డవరా లేదు, రుమాలేమో సంపులో ఉంది. వేళ్ళు ఎర్రగా అవుతున్నాయి, నాకు కనిపిస్తూనే ఉంది. అక్క కూడా చూసి, "వేడిగా ఉంది, కింద పెట్టండి," అంది. ఏడాది రైలు ప్రయాణంలో వాళ్ళిద్దరి మధ్య మొదటి మాట అది.

"పరవాలే," అన్నాడు. గ్లాసు దింపలేదు. ఊదుకుంటూ, కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే, అక్కడే నిలబడి తాగాడు.

అవ్వ ఒకసారి మనవడి వేళ్ళ వంక చూసింది, ఒకసారి మొహం వంక చూసింది. తర్వాత అక్క వంక చూసింది. ఆమె పెదవి ఒక పక్కకు జరిగింది.

"వీడు ఇంట్లో కాఫీ రవ్వంత వేడెక్కువైతే వీధికి వినపడేట్టు అరుస్తాడు," అంది, ఎవరితోనో చెబుతున్నట్టు. "ఈడ చూడు, నిప్పు పట్టుకుని పరవాలే అంటా ఉండాడు." మళ్ళీ గడియారం లాక్కుని చూసింది. "సరి. పిల్లను చూసేసినాం, కాఫీ తాగేసినాం. మొదలైపోయింది గదా. ఇంక రాహుకాలం వస్తే రానీ."

నేను మెట్ల మీద కూలబడ్డాను. నవ్వో ఏడుపో తెలియని చప్పుడొకటి నా నోట్లోంచి వచ్చింది. అమ్మయ్య అనుకోవడానికి కూడా ఓపిక లేదు. నాయన తడిసిన చొక్కాతో అట్లాగే నిలబడి, ముక్కోటి దేవుళ్ళకూ ఒకేసారి దణ్ణం పెట్టాడు.

ఇంతలో నడుమింటి గార్డుగారు డ్యూటీ దిగి, చేతిలో పచ్చజెండా సంచీతో వచ్చి, అందర్నీ చూసి, ఏమీ అడక్కుండా తన సావి తీసి గేటు తెరిచాడు. బార్లా తెరిచిన గేటు ముందు అవ్వ కదల్లేదు. "మొదలుపెట్టేది ముందరే పెట్టినాం, అది వేరే. ఇంట్లోకి అడుగు మాత్రం ఆరు దాటినాకే," అంది. కాబట్టి తెరిచిన గేటు పక్కనే వాకిట్లో చాపలు పరిచాం. కేసరి, బజ్జీలు అన్నీ నేనే మోశాను, ఎన్నిసార్లు ఎక్కి దిగానో లెక్క పెట్టలేదు. మేడ మీద గదిలో అయితే అరగంట బిగుసుకుని కూర్చుని వెళ్ళిపోయేవాళ్ళు. రాహుకాలం పుణ్యమా అని ఆరింటిదాకా కూర్చున్నారు. అవ్వ మా అమ్మతో రెండిళ్ళకూ ఉన్న నెల్లూరు చుట్టరికాలు తవ్వి, ఏదో ఒక మూల తనకు వరసకు మేనకోడలవుతుందని తేల్చింది. అక్కా, ఆ రైలు మనిషీ సంపు పక్కన నిలబడి మాట్లాడుకున్నారు. నేను మూత వేసే నెపంతో అటు పోతే, అక్క నా వంక చూసిన చూపుకు మళ్ళీ వెనక్కొచ్చాను. ఆరు దాటాక అవ్వ కుడికాలు ముందు పెట్టి లోపలికి వచ్చి, వక్కాకు పుచ్చుకుని, వచ్చే నెల్లోనే ముహూర్తం చూడమంది.

వాళ్ళు వెళ్ళాక తిట్లకు సిద్ధంగా నిలబడ్డాను. అమ్మ మాత్రం, "ఇన్నేళ్ళుగా నేనేస్తా ఉండానే, అప్పుడంతా ఆ గాలి యాడికి పోయిందిరా," అని ఒక్క మాట అడిగి కేసరి గిన్నె కడగడానికి పోయింది. అక్క దగ్గరకొచ్చి చెవి పట్టుకుంది. మెలిపెడుతుందనుకుని కళ్ళు మూసుకున్నాను. పట్టుకుని అట్లాగే కాసేపుండి, తల నా భుజం మీద ఆనించింది. అప్పుడు గాని నాకు ఊపిరి పూర్తిగా ఆడలేదు.

సోమవారం ఆఫీసులో టైపు మామకు అంతా చెప్పాను. ఆయన మిషను ఆపి, సాంతం విని, కళ్ళజోడు నుదుటి మీదకు తోశాడు. "నీ రాశిలో నీళ్ళుండాయి తంబీ. ఆడా ఏట్లోనే, ఈడా సంపులోనే," అన్నాడు. ఆ తర్వాత చాలా రోజులు నేను వంతెన జోలికి పోలేదు.

ఇప్పుడు మేము పెరంబూరులోనే ఒక అపార్టుమెంటులో మూడో అంతస్తులో ఉంటున్నాం. కింద బటన్లు నొక్కితే తెరుచుకునే తలుపు, వాచ్‌మన్, లిఫ్టు. సావి విసిరే పని ఎవరికీ లేదు. పోయిన వారం అక్కా బావా వచ్చారు. బావకు ఇప్పుడు నెత్తి మీద నాలుగు వెంట్రుకలు, అవీ తెల్లనివి. (అవ్వ వాళ్ళిద్దరి పెళ్ళీ చూసింది, ఇద్దరు మునిమనవళ్ళనూ ఎత్తుకుంది. పోయేదాకా నన్ను సంపబ్బాయి అనే పిలిచేది.) వెళ్ళే వేళకు బావ స్కూటరు బయటికి తీస్తానని ముందుగా దిగాడు. కిందకు పోయాక చూసుకుంటే స్కూటరు సావి మా బల్ల మీదే ఉంది. లిఫ్టు రిపేరు. రుమాల్లో ముడేసుకుని బాల్కనీలోకి వచ్చాను. బావ కింద నిలబడి దోసిలి పట్టాడు. నాకు తెలియకుండానే నా చెయ్యి ముందుకు సాగింది, ఒక కన్ను మూసుకుంది, బొటనవేలు లేచింది.

"గాలీ లేదు, గీలీ లేదు," అని కేకేశాడు బావ కిందనుంచి. "చుమ్మా వదులు."

ఆయన మాట మీద గౌరవంతో వేలు దించి చుమ్మా వదిలాను. ఆ రోజు మాత్రం నిజంగానే గాలి ఉంది. రుమాలు పక్కకు జరిగి జరిగి గోడవతలి ఇంటివాళ్ళ తులసికోట పక్కన పడింది. బావ దోసిలి అట్లాగే పట్టుకుని పైకి చూశాడు. నా పక్కన అక్క కమ్మీ మీద వంగి, ఒక కన్ను మూసి, తన బొటనవేలు చాచి కాసేపు కొలిచింది.

"రెండు వేళ్ళు పెట్టుండాల్సిందిరా," అంది.